కొత్త ఊరు... పిట్టల పద్దు

బదిలీ ఉత్తర్వులు చేతికి రాగానే ఏ ఇంట్లోనైనా మొదలయ్యే లెక్కలు ఒకేలా ఉంటాయి. ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, అద్దె ఎంత, నీళ్లు ఉప్పగా ఉంటాయా, పిల్లల స్కూలు ఎంత దూరం... వెళ్లేది బందరుకైతే 'లడ్డూ ఎవరి కొట్లో బాగుంటుంది' అన్నది కూడా ఆ జాబితాలో చేరుతుంది. సామాన్ల లారీ వెళ్లిపోయి, అట్టపెట్టెలన్నీ విప్పడం అయిపోయాక మాత్రం ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది. పక్కింటివాళ్లతో ఇంకా పలకరింపులు లేవు. వీధి చివర కిరాణా కొట్టాయనకు మన ముఖం తెలీదు. పాత స్నేహితులు ఫోన్లో తప్ప దొరకరు.

సరిగ్గా అప్పుడే కొందరు ఓ చిత్రమైన పని మొదలుపెడతారు. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు వెతికి, పైన 'ఈ ఊళ్లో కనిపించినవి' అని రాస్తారు. కింద అంకెలు. ఒకటి... కాకి. రెండు... గోరింక. మూడు... ఉడుత. నాలుగు... డాబా మీద కూర్చున్న గద్ద.

చూసేవాళ్లకు నవ్వొస్తుంది. కాకిని కూడా లెక్క రాస్తారా అని! కానీ రాసేవాళ్లకు తెలుసు, నెల తిరిగేసరికి ఆ పుస్తకం వాళ్లను ఊరంతా తిప్పుతుందని. ఏ చెరువు గట్టున ఏముందో, ఏ చెట్టు మీద ఏ గూడుందో తెలుస్తుంది. వాటితోపాటు ఆ గట్టున గేదెలు కాసేవాళ్లూ, ఆ చెట్టు కింద టీకొట్టు నడిపేవాళ్లూ పరిచయమవుతారు.

ఇలాంటి పుస్తకం తెరవడానికి కృష్ణా డెల్టా చివరి అంచుకన్నా మంచిచోటు దొరకడం కష్టం. గుడివాడ పొలాలు, ఆ పైన కొల్లేరు, బందరు సముద్రతీరం, దివిసీమ మడ అడవులు... మంచినీటి కాలువ నుంచి ఉప్పునీటి పాయ దాకా అన్నీ ఒక్కరోజు ప్రయాణంలోనే. నేల మారిన ప్రతిచోటా దానిమీద బతికే ప్రాణులూ మారతాయి.

మొదటి పేజీ... రైలు కిటికీలోంచి

గుడివాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, మొదటి పేజీ నిండినట్టే. కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి... స్టేషన్లు దాటుతుంటే రెండువైపులా పొలాలు, బోదెలు, చేపల చెరువులు.

సార్వాకు దమ్ము చేసే రోజులైతే ట్రాక్టరు వెనకే తెల్లకొంగలు బారులు తీరి ఉంటాయి. చక్రాలు బురద కలిపితే బయటపడే పురుగులూ కప్పలూ వాటి విందు. బోదె గట్టున మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్నది గుడ్డికొంగ. మనిషి దగ్గరకొచ్చేదాకా కదలదు కాబట్టి పాపం ఆ పేరు. ఎగిరిందా, ఒక్కసారిగా తెల్లటి రెక్కలు విచ్చుకుని వేరే పిట్టేమో అనిపిస్తుంది. కరెంటు తీగ మీద నల్లగా, తోక చివర కత్తెరలా చీలి ఉన్నది పసులపోలిగాడు. మేస్తున్న గేదె వీపెక్కి స్వారీ చేస్తూ, దాని కాళ్ల దగ్గర లేచే పురుగుల్ని పట్టుకుంటుంది. చెరువులో పాతిన కర్రమీద రెక్కలు చాపి ఆరబెట్టుకునేది నీటికాకి. తాటాకుల చివర్న వేలాడే సంచుల్లాంటి గూళ్లు గిజిగాడివి.

ఇవన్నీ 'కొంగ, పిట్ట, పిట్ట' అని రాస్తే పద్దు కాదు. పద్దుకు కొన్ని గళ్లు ఉండాలి. తేదీ, సమయం, చోటు, ఏమిటి, ఎన్ని, ఏం చేస్తోంది... ఈ ఆరూ ఉంటే చాలు. 'పెడన దాటాక, పొద్దున ఏడున్నర, పసులపోలిగాళ్లు 9, ఒకటి గేదె మీద' అన్న ఒక్క వరుస 'చాలా పిట్టలు కనిపించాయి' అన్న పేజీకన్నా విలువైంది.

తేదీకి అంత ప్రాధాన్యం ఎందుకంటే... అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత 1850లలో తన ఊరు కాంకర్డ్ చుట్టుపక్కల ఏ మొక్క ఏ రోజు పూసిందో రాసిపెట్టుకున్నారు. నూటయాభై ఏళ్ల తర్వాత బోస్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ కాగితాలు ముందేసుకుని అవే మొక్కల్ని మళ్లీ చూశారు. చాలా పూలు అప్పటికన్నా ముందుగానే విచ్చుకుంటున్నాయి. వాతావరణం వేడెక్కుతోందనడానికి ఆ పాత తేదీలు సాక్ష్యమయ్యాయి. రాసిన రోజున ఆయనకు ఆ సంగతి తెలీదు. ఆయన తేదీ వేశారు, అంతే!

డెల్టాకు దాని క్యాలెండరు దానికి ఉంది. కాలువలకు నీళ్లు వదిలే రోజు, నాట్లు, సార్వా కోతలు, దాళ్వా, ఆ తర్వాత కాలువలు కట్టేసే వేసవి. నీళ్లున్నప్పుడు ఊరంతా చెదిరి ఉన్న పక్షులు, కాలువ ఎండగానే మిగిలిన గుంటల దగ్గర గుంపుకడతాయి. ఒక్క ఏడాది పద్దు రాస్తే ఆ క్యాలెండరు కొత్తవాళ్లకూ కంఠతా వచ్చేస్తుంది.

పేరు అడిగితే ఊరు పలుకుతుంది

కొత్తవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు పేరు. పుస్తకాల్లో ఇంగ్లిషు పేర్లుంటాయి. ఊళ్లో పిలిచే పేరు వేరు. అందుకే పద్దులో ఇంకో గడి గీయాలి... 'ఇక్కడివాళ్లు ఏమంటారు?'

ఈ గడిని మొట్టమొదట శ్రద్ధగా నింపినవాళ్లలో ఒకరు మన తీరానికి కొత్తగా వచ్చిన ఓ స్కాట్లండ్ డాక్టరు. పేరు పాట్రిక్ రసెల్. 1780లలో విశాఖపట్నంలో ఉన్నారు. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశారు. అప్పట్లో కంపెనీవాళ్లను బాగా భయపెట్టినవాటిలో పాములొకటి. ఏది విషపుది, ఏది కాదు అన్నది తేల్చడానికి ఆయన ఒక్కో పామునూ తెప్పించి చూశారు, పరీక్షించారు, బొమ్మ గీయించారు. దాంతోపాటు ఇక్కడివాళ్లు చెప్పిన పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రాసిపెట్టారు. 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో రక్తపింజర పేరు 'కాటుక రేకుల పొడ'. దాని ఒంటిమీది నల్లంచు మచ్చల్ని ఒకసారి చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరిగ్గా అతికిందో అర్థమవుతుంది. ఇంగ్లిషులో మాత్రం ఆ పాముకు ఆయన పేరే మిగిలింది... రసెల్స్ వైపర్!

మరో పాముకు తెలుగువాళ్లు చెప్పింది 'బంగారం పాము'. ఆ మాటే శాస్త్రవేత్తల చేతుల్లో 'బంగారస్' అయింది. ప్రపంచంలో ఏ మూల దొరికిన కట్లపాముకైనా ఇవాళ్టికీ శాస్త్రీయ నామంలో ముందుండేది మన తెలుగు బంగారమే. విశాఖలో చూసిన రెండు వందల చేపల మీద రసెల్ తెచ్చిన పుస్తకం 1803లో వెలువడింది. అందులోనూ తెలుగు పేర్లే. చెప్పింది బెస్తలు, రాసుకున్నది డాక్టరు. చెప్పినవాళ్లెవరో మనకు తెలీదు, చెప్పిన మాట మాత్రం నిలిచింది.

తర్వాత మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేసి, నెల్లూరులోనూ ఉన్న టి.సి.జెర్డాన్ కూడా ఇదే పద్ధతి పాటించారు. 1862-64 మధ్య వచ్చిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షుల పేర్లకు పక్కనే తెలుగు పేర్లూ కనిపిస్తాయి.

ఇంత చరిత్ర ఎందుకంటే, ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు. డెల్టాలో ఏ కాలువ గట్టునైనా ఓ పెద్దాయన్ని 'తాతా, ఇదేం పిట్ట?' అని అడిగి చూడండి. పేరొక్కటే చెప్పి ఊరుకోరు. అది ఎప్పుడు వస్తుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో, కూస్తే ఏమవుతుందని వాళ్ల అమ్మ చెప్పేదో అన్నీ చెబుతారు. పక్కనున్న మనవణ్ని అడిగితే 'ఏమో' అంటాడు. పిట్ట ఎగిరిపోవడానికి ముందే పేరు ఎగిరిపోతోంది. కొత్తవాళ్ల పద్దులో ఆ గడి నిండిందంటే రెండూ దక్కినట్టే.

పామును చూస్తే మాత్రం ఆగి, దూరంనుంచే రాసుకోవాలి. వానాకాలంలో డెల్టా పొలాల్లో పాముకాట్లు మామూలే. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుణ్ని పుట్టలో కొలిచే నేల ఇది. అయినా బోదెలో ఈదే నీరుకట్టు కనబడగానే కర్ర ఎత్తడం ఆగలేదు. దానికి విషం లేదు. ఏది ఏదో తెలియకపోవడమే ఆ కర్రకు కారణం. రెండు శతాబ్దాల కిందట రసెల్ పద్దు రాసింది ఆ తెలియనితనం పోగొట్టడానికే.

పోయిన గూళ్లు, వచ్చిన గూళ్లు

గుడివాడ దాటి కైకలూరు వైపు వెళితే నేలకన్నా నీళ్లే ఎక్కువ కనిపిస్తాయి. కొల్లేరు అంచు అది. 1999లో ఈ సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2022 జిల్లాల విభజన తర్వాత కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది కానీ, పక్షులకు ఆ సరిహద్దు పట్టదు.

కైకలూరు పక్కనున్న ఆటపాకలో పడవెక్కితే గూడబాతులు దగ్గరగా కనిపిస్తాయి. పెలికాన్ అంటే పిల్లలకు తెలుస్తుంది. గూడ అంటే పొలానికి నీళ్లు తోడే బుట్ట. కింద సంచి వేలాడే ఆ ముక్కుతో నీళ్లలోంచి చేపను తోడుకునే తీరు చూస్తే, ఆ పేరు పెట్టినవాడు రైతే అయి ఉంటాడనిపిస్తుంది.

ఈ గూడబాతుల వెనక ఓ కథ ఉంది. కె.కె.నీలకంఠన్ కేరళకు చెందిన ఇంగ్లిషు అధ్యాపకుడు. 'ఇందుచూడన్' పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసి పేరు తెచ్చుకున్నారు. కొల్లేటికి ఆవలివైపు, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు పెద్దసంఖ్యలో గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచడం ఆయన చూశారు. చూసి ఊరుకోలేదు, వివరంగా రాసుకున్నారు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. ఊళ్లోవాళ్లకు ఆ పక్షులు కొత్తకాదు. రోజూ చూసేవే. రోజూ చూసేది కాబట్టే ఎవరూ రాయలేదు. బయటి నుంచి వచ్చిన మనిషి రాశారు.

డెబ్బైల నాటికి ఆ పక్షుల గూళ్లు ఖాళీ అయ్యాయి. 1978లో అదే పత్రికలో వచ్చిన ఓ రచన పేరు 'లాస్ట్ పెలికాన్రీ'... పోగొట్టుకున్న గూడబాతుల స్థావరం అని. పోయిందని చెప్పాలంటే ముందు ఉందని ఎవరో రాసి ఉండాలి కదా! ఆ మొదటి కాగితమే లేకపోతే 'ఇక్కడ ఎప్పుడో ఏవో పెద్దపక్షులు ఉండేవట' అన్న మాట మాత్రమే మిగిలేది.

ఈ కథకు ఇంకో పేజీ కూడా ఉంది. గూడబాతులు కొల్లేటికి తిరిగొచ్చాయి. ఆటపాకలో చెట్లు చాలకపోతే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటిమీదా గూళ్లు పెట్టాయి. చలికాలంలో వెళ్లిన కుటుంబం ఒక్క స్టాండును ఎంచుకుని దానిమీద గూళ్లెన్నో లెక్కపెట్టి రాసుకుంటే, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఓ అంకె చేతిలో ఉంటుంది.

ఇక్కడ రాసేటప్పుడు ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. పెద్దకొంగ ఏది కనిపించినా 'సైబీరియా కొంగ' అనేయడం మనకు అలవాటు. గూడబాతులూ, రంగుల రెక్కల పెయింటెడ్ స్టార్కులూ, నత్తల్ని తినే నత్తగుల్ల కొంగలూ ఎక్కడో మంచుదేశం నుంచి వచ్చినవి కావు. ఇవి మన దేశపు పక్షులే. నీళ్లనుబట్టి, మేతనుబట్టి ఒక చెరువు నుంచి మరో చెరువుకు తిరుగుతుంటాయి. నిజంగా వేల కిలోమీటర్లు దాటి వచ్చేవి చాలావరకు చిన్నవి. ఇసుకరంగులో ఒడ్డున పరుగులుతీసే ఉల్లంకి పిట్టల్లాంటివి. చేతిలో ఇమిడే ప్రాణులు! ఎవరూ పట్టించుకోని ఆ బుల్లిపిట్టలే అసలైన విదేశీ అతిథులని తెలిసినరోజు, పద్దు రాసే పిల్లల ముఖం చూడాలి.

చూసింది... విన్నది... జాడ

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి దివిసీమను చేతుల్లోకి తీసుకుంటుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పునేల, ఆ తర్వాత మడ అడవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు. ఒక చెయ్యి పెద్దగా ఉండే చిన్నచిన్న పీతలు. నీళ్లలోంచి బయటికొచ్చి బురదమీద గెంతే చేపలు. 1989లో ఏర్పాటైన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం దాదాపు 195 చదరపు కిలోమీటర్ల మేర నదికి రెండువైపులా విస్తరించింది.

ఈ అడవిలో అందరికన్నా పెద్దదొర బావురుపిల్లి. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. ఒంటిమీద మచ్చలు, పొట్టితోక, వేళ్ల మధ్య కొంచెం చర్మం. పిల్లి జాతిలో పుట్టి నీళ్లలోకి దూకి చేపలు పట్టే జంతువు. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్నవాటి జాబితాలో ఉంది. మన చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ దీనికుంది. రాష్ట్రంలో కోరింగ మడ అడవులతోపాటు ఈ కృష్ణా మడ దీనికి ముఖ్యమైన నివాసం. కానీ తిరిగేది ఎక్కువగా రాత్రిపూట. జీవితమంతా దివిసీమలో ఉండి దాన్ని ఒక్కసారీ చూడనివాళ్లు ఎందరో.

మరి దాన్ని పద్దులో ఎలా రాయాలి? ఇక్కడే నిజాయతీకి పరీక్ష. చూస్తే 'చూసింది' అని రాయాలి. బురదలో అడుగులు కనిపిస్తే 'జాడ' అని. రొయ్యల చెరువు కాపలాదారు చెబితే 'విన్నది' అని. మూడింటినీ ఒకే గడిలో వేస్తే పద్దు పాడవుతుంది. అనుమానమైతే ప్రశ్నార్థకం పెట్టుకోవాలి. అందులో చిన్నతనమేమీ లేదు. అంకె పెంచుకోవాలన్న ఆశతో దూరంగా కదిలిన నీడను బావురుపిల్లి అని రాసుకుంటే మోసపోయేది ముందు రాసినవారే.

'విన్నది' గడి అంటే తక్కువ చూపు పనికిరాదు. దివిసీమలో పెద్దవాళ్లు కాలాన్ని రెండుగా కొలుస్తారు... ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత. 1977 నవంబరు 19న సముద్రం వచ్చి వేలమందిని తీసుకుపోయిన రాత్రి అది. ఆనాటి మనుషులు కూర్చుని చెప్పేటప్పుడు చెట్లూ జంతువులూ కూడా ఆ లెక్కలోనే వస్తాయి. 'ఉప్పెనకు ముందు ఈ గట్టున...' అని మొదలయ్యే మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. చెప్పినవారి వయసు, ఊరు, చెప్పిన తేదీతో రాసిపెడితే అదీ ఒక పద్దే.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి పేరే ఒక పక్షి పద్దు. జనం కడిగేసుకున్న పాపాలతో నల్లబడి కాకిలా మారిన గంగ, ఇక్కడి సంగమంలో మునిగి హంసగా తేలిందని స్థలపురాణం. ఇవాళ ఒడ్డున నిలబడితే కాకి తప్పకుండా దొరుకుతుంది. హంస గడి మాత్రం ఖాళీ. ఆ ఖాళీ గడిని చూసి పిల్లలు వేసే ప్రశ్నలకు జవాబులు వెతకడంలోనే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఆ తీరానికే శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఇసుకలో గుంట తవ్వి వందకు అటూఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి సముద్రంలోకి వదులుతుంది. అదే తీరంలో, వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయి కొట్టుకొచ్చిన తాబేళ్లూ కనిపిస్తాయి. చూడటానికి మనసొప్పదు. అయినా రాయాలి. తేదీ, చోటు, ఎన్ని... చనిపోయినవాటి లెక్క ఉంటేనే బతికున్నవాటి కోసం ఎవరినైనా అడగగలం.

సున్నా కూడా లెక్కే

పద్దు రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయే అంకె ఒకటుంది. సున్నా. వెళ్లాం, రెండు గంటలు చూశాం, కనిపించలేదు. దాన్నీ రాయాలి.

ఒకప్పుడు పల్లె శివార్లలో గొడ్డు చచ్చిందంటే రాబందులు దిగేవి. అంత మామూలు పక్షిని లెక్కపెట్టాలని ఎవరికి తోస్తుంది? రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్‌లో మాత్రం విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త ఎనభైల్లోనే వాటిని లెక్కించారు. తొంభైల్లో మళ్లీ లెక్కించినప్పుడు గుండె ఝల్లుమంది. పశువులకు వాడే డైక్లోఫినాక్ మందు, చచ్చిన పశువుల మాంసం ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని తర్వాత తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అప్పటికే నూటికి తొంభై దాటి పోయాయి. ఎక్కువగా ఉన్నప్పుడు రాసిన ఆ లెక్కే, అవి పోతున్నాయని చెప్పిన మొదటి గంట.

ఇప్పుడలాంటి గంట ఇంకోటి వినిపిస్తోంది. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 రకాల పక్షుల పరిస్థితిని చూసింది. వాటిలో 178 రకాలను తక్షణం కాపాడుకోవాల్సినవిగా తేల్చింది. దానికి ఆధారం ఎక్కడిది? దేశవ్యాప్తంగా ముప్ఫై వేలమందికి పైగా మామూలు మనుషులు రాసుకున్న మూడు కోట్ల పైచిలుకు పద్దులు! ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు, రిటైరైనవాళ్లు... తమ పెరట్లో, పొలంగట్టున చూసి రాసినవే.

ఆ నివేదికలో తెలుగువాళ్లను ఆలోచింపజేసే పేరొకటుంది. పాలపిట్ట. దసరానాడు ఒక్కసారి కంటపడితే చాలు, ఏడాదంతా శుభమని ఊరి బయటికి నడిచి వెళ్లి చూసొచ్చే పక్షి. పన్నెండేళ్లలో దాని సంఖ్య ముప్ఫై శాతానికి పైగా పడిపోయిందని అందులో ఉంది. ఏడాదికి ఒక్కరోజు పాలపిట్ట కోసం తీగలవంక చూసే మనం, మిగతా 364 రోజులూ అది ఉందో లేదో చూడలేదు. గుడివాడ పొలాల మీది తీగల్ని నెలకోసారైనా చూసి ఎన్నో రాసుకునే ఇల్లు వీధికొకటి ఉన్నా చాలు. దసరానాడు కనబడకపోతే 'మన అదృష్టం బాగాలేదు' అనుకునే బదులు, ఎప్పటి నుంచి కనబడటం లేదో చెప్పగలుగుతాం.

చూసేటప్పుడు కొంచెం మర్యాద

పద్దుకు కావలసినవి తక్కువే. ఓ నోటుపుస్తకం, పెన్సిలు, వీలైతే బైనాక్యులర్. సెల్‌ఫోన్ కెమెరా ఉంటే మంచిదే కానీ, ఫొటో కోసం గూటి దగ్గరకు వెళ్లకూడదు. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు పాడవుతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. తాబేళ్ల తీరంలో రాత్రిపూట టార్చిలైటు వేయకూడదు. వెలుగుకు పిల్లలు సముద్రం వైపు కాకుండా దారితప్పి ఒడ్డుకు నడుస్తాయి. మడ అడవిలోకి అటవీశాఖ అనుమతితో, దారి తెలిసినవాళ్లతోనే వెళ్లాలి. బావురుపిల్లి జాడ ఫలానా చెరువు గట్టున ఉందని ఊరంతా చాటకూడదు. పద్దులో ఉంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం... అక్కడ బతికేవాళ్లతో తగువు పెట్టుకోకూడదు. నీటికాకులు దిగితే చేపల రైతుకు నష్టమే. ఆయన చెరువు మీద వల కడితే పట్నం నుంచి వచ్చినవాళ్లు పాఠాలు చెప్పడం తేలిక. 'బాబాయ్, రోజుకు ఎన్ని దిగుతున్నాయి? ఏ నెలలో ఎక్కువ?' అని అడిగితే ఆయన దగ్గర ఏ శాస్త్రవేత్త దగ్గరా లేని లెక్క ఉంటుంది. అదీ పద్దులోకి ఎక్కుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఆయనే పిలిచి మరీ చెబుతారు.

పోటీలు పడి 'మాకు నూరయ్యాయి, మీకెన్ని' అనుకోవడంలో సరదా ఉంది, తప్పులేదు. కానీ నూరు రకాలను ఒక్కొక్కసారి చూసినవారికన్నా, ఇంటి ముందున్న పది రకాలను ఏడాదంతా చూసి రాసినవారికే ఊరు ఎక్కువ తెలుస్తుంది. బందరులో ఓడరేవు పనులు సాగుతున్నాయి. వరి పొలాలు చెరువులవుతున్నాయి, చెరువుల పక్కన లేఅవుట్లు వెలుస్తున్నాయి. మార్పు మంచిదా చెడ్డదా అన్న వాదన ఎటు తేలినా, మారకముందు ఇక్కడ ఏముందో చెప్పే కాగితం ఒకటి ఉండాలి.

బదిలీ మీద వచ్చినవాళ్లు మూడేళ్లకో నాలుగేళ్లకో మళ్లీ బదిలీ మీద వెళ్లిపోతారు. వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ నోటుపుస్తకానికి జిరాక్సు తీయించి, పిల్లలు చదివిన బళ్లో ఇచ్చి వెళ్లడం. ఒకటి... కాకి, రెండు... గోరింక అని మొదలైన ఆ పద్దును తర్వాత వచ్చే మరో కొత్తపిల్ల తెరుస్తుంది. అందులో ఉన్నవి ఇంకా ఉన్నాయో లేదో చూడటానికి పెన్సిలు పట్టుకుని కాలువ గట్టుకు వెళుతుంది.